రంగునిచ్చే లోహం: వైరస్ నిర్ధారణ పరీక్షలలో నానోజైముల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వైరస్ వ్యాధులను నిర్ధారించే పరీక్షలలో కంటికి కనిపించే రంగు అర్ధ శతాబ్దంగా ఎంజైముల మీద ఆధారపడి ఉంది. పరీక్షలలో వాడే ఎంజైములు ప్రోటీన్లు కాబట్టి వేడికి చెడిపోతాయి. ప్రయోగశాల, శీతల వసతి లేనిచోట అటువంటి పరీక్షలు సాగవు. ఇనుప ఆక్సైడ్, ప్లాటినం, బంగారం వంటి పదార్థాల నానోకణాలు ఎంజైముల పనిని కొంతవరకు చేయగలవని, వాటితో వైరస్‌లను గుర్తించవచ్చని 2007 నుండి వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈ కణాలకే నానోజైములని పేరు. లోహానికి ఈ శక్తి ఉందన్న గమనింపు 1818 నాటిదనీ, ఎంజైమ్ అన్న పదానికి స్థిరపడిన నిర్వచనం దానిని మరుగుపరచగా వ్యాధి నిర్ధారణ అవసరం తిరిగి వెలికితెచ్చిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ పరీక్షల ఫలితాలను, పరిమితులను ఆ చారిత్రక నేపథ్యంలో అంచనా వేస్తుంది.

కీలక పదాలు: నానోజైమ్, పెరాక్సిడేజ్, కిణ్వం, ఉత్ప్రేరకం, ఎలైజా, పరీక్షా పట్టీ, ఎబోలా, హెచ్.ఐ.వి.

1. ఉపోద్ఘాతం

1986 ఫిబ్రవరిలో చెన్నై నుండి కాట్పాడి వెళ్ళిన ఒక రాత్రి రైలులో రక్త నమూనాల సీసాలు ఐసు పెట్టెలో ప్రయాణం చేశాయి. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థినిగా ఉన్న సెల్లప్పన్ నిర్మల, తన ఆచార్యురాలు సునీతి సాల్మన్ సూచన మేరకు సేకరించిన నమూనాలవి. హెచ్.ఐ.వి.ని పరీక్షించే వసతి అప్పటికి చెన్నైలో లేదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చేర్చేదాకా ఆమె వాటిని తన ఇంటి ఫ్రిజ్‌లోనే భద్రపరచింది. వేలూరులో జరిపిన ఎలైజా పరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు మారాయి. భారతదేశంలో హెచ్.ఐ.వి. ఉనికి తొలిసారిగా బయటపడింది ఆ రంగు ద్వారానే.

ఈ ఘటనను సాధారణంగా ఇద్దరు మహిళా శాస్త్రవేత్తల పట్టుదలకు నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. అయితే పరీక్షా విధానం వైపు నుండి చూస్తే ఇందులో మరొక విషయం దాగి ఉంది. నమూనా ప్రయోగశాలను వెతుక్కుంటూ వెళ్ళింది గాని పరీక్ష రోగి ఉన్న చోటికి రాలేదు. రాలేకపోవడానికి ఉన్న కారణాలలో రంగునిచ్చే ఎంజైమ్ ఒకటి. ఎంజైమును చల్లగా నిల్వచేయాలి, కొలతలు తప్పకుండా వాడాలి, మధ్యమధ్య పలకను కడగాలి. ఇవన్నీ ప్రయోగశాలలో జరగవలసిన పనులు.

ఆ రంగును ఎంజైముకు బదులు లోహపు రేణువు ఇవ్వగలిగితే పరీక్ష ఎక్కడిదాకా వెళ్ళగలదు? గత రెండు దశాబ్దాల నానోజైమ్ పరిశోధనకు మూలమైన ప్రశ్న ఇది. దీని వేళ్ళు మాత్రం రెండు శతాబ్దాల వెనుక ఉన్నాయి. ఆ చరిత్రను పదం, భావన, అవసరం అన్న మూడు కోణాలలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. కిణ్వం నుండి ఎంజైమ్ దాకా

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ 1818లో హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొన్నాడు. నీటికి మరొక ఆక్సిజన్ పరమాణువు చేరితే ఏర్పడే ఈ ద్రవం నిలకడ లేనిది. ప్లాటినం, వెండి, బంగారం వంటి లోహాల పొడి తగిలితే చాలు, బుడగలతో విడిపోతుంది. లోహంలో మాత్రం ఏ మార్పూ కనిపించదు. రక్తం నుండి తీసిన ఫైబ్రిన్ కూడా ఇదే పని చేస్తుందని తెనార్ గమనించాడు. ఒక జీవ పదార్థం, ఒక నిర్జీవ లోహం ఒకే ద్రవం మీద ఒకే ప్రభావం చూపడం ఈ చరిత్రలో తొలి ఘట్టం.

1833లో పేయెన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీ నుండి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేసి దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. కొద్ది కాలానికే స్వీడన్ దేశపు బెర్జీలియస్ తెనార్ గమనింపులను, డయాస్టేజ్ పనిని, మరికొన్ని ప్రయోగాలను ఒకచోట చేర్చి వాటి వెనుక ఉన్న శక్తికి ఉత్ప్రేరణ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన దృష్టిలో జీవ పదార్థానికి వేరుగా, లోహానికి వేరుగా నియమాలు లేవు. రెండింటినీ ఒకే సూత్రం కింద చూశాడు.

ఎంజైమ్ అన్న మాట ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు వచ్చింది. 1870ల చివరిలో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ క్యూనె దానిని ప్రయోగించాడు. 'పులిసిన పిండిలో ఉన్నది' అని దాని గ్రీకు వ్యుత్పత్తి. తెలుగు శాస్త్ర రచనలోని 'కిణ్వం' కూడా ఇటువంటి అర్థ పరిధి నుండే వచ్చింది. సంస్కృతంలో కిణ్వమంటే మద్యం తయారీలో పులియబెట్టడానికి చేర్చే పదార్థం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణంలో ఈ మాట కనిపిస్తుంది. పరస్పర సంబంధం లేకుండానే రెండు సంప్రదాయాలు ఈ భావనకు పులియడం అనే ఇంటి పని నుండి పేరు తెచ్చుకున్నాయి. ఆ పేరు ఒక పరిమితిని కూడా వెంట తెచ్చింది. పులియడం జీవులకు సంబంధించిన పని కాబట్టి ఎంజైమ్ జీవానికే చెందుతుందన్న భావం మాటలోనే ఇమిడిపోయింది.

1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును నూరి తీసిన రసంలో, సజీవ కణాలేవీ లేకుండానే, చక్కెర పులియడం చూపాడు. 1907లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పులియడానికి ప్రాణమున్న కణం అక్కరలేదు, అందులోని పదార్థం చాలునని తేలింది. అయితే ఆ పదార్థం జీవుల నుండే రావాలా అన్న ప్రశ్న మిగిలింది.

3. బ్రెడిగ్ 'అకర్బన కిణ్వాలు'

ఆ ప్రశ్నను సూటిగా అడిగినవాడు గేయోర్గ్ బ్రెడిగ్. లైప్‌జిగ్‌లో పనిచేస్తూ, 1898 ప్రాంతంలో ఆయన నీటిలో రెండు ప్లాటినం తీగల మధ్య విద్యుత్ చాపాన్ని రగిల్చి లోహాన్ని అతి సూక్ష్మమైన రేణువులుగా నీటిలో విడగొట్టాడు. ఆ రేణువులు అడుగుకు చేరకుండా నీటిలో తేలుతూ ముదురు రంగు కొల్లాయిడ్ ద్రవంగా నిలిచాయి. నేటి పరిభాషలో దీనిని నానోకణాల ద్రవమని అనవచ్చు.

ఈ కొల్లాయిడ్ ప్లాటినం హైడ్రోజన్ పెరాక్సైడును విడగొట్టే తీరును బ్రెడిగ్, ఆయన సహచరులు కొలిచారు. తెనార్ చూసిన దానికంటే వారు చూసినది లోతైనది. అతి కొద్ది లోహం ఎంతో పెరాక్సైడును విడగొట్టింది. హైడ్రోజన్ సయనైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషాలు చేరగానే దాని పని మందగించింది. జీవుల ఎంజైములను స్తంభింపజేసేవి కూడా ఇటువంటి విషాలే. జీవం లేని లోహం విషానికి లొంగినట్లు ప్రవర్తించడం నాటి శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరచింది. 1901లో బ్రెడిగ్ ఈ ఫలితాలను ఒక పుస్తకంగా వెలువరించాడు. 'అకర్బన కిణ్వాలు' అన్నది దాని శీర్షికకు తెలుగు.

ఆ శీర్షిక ఒక వాదన. కిణ్వం అన్న మాటను జీవుల పరిధి నుండి తప్పించి, చేసే పనిని బట్టి నిర్వచించాలన్నది అందులోని సూచన. ఒక శతాబ్దం తర్వాత నానోజైమ్ అన్న పేరుతో వచ్చిన భావన సారాంశం దాదాపు ఇదే. ఆ శతాబ్దంలో ఈ ఆలోచన ప్రధాన స్రవంతికి ఎందుకు దూరమైందో తర్వాతి విభాగం పరిశీలిస్తుంది.

4. ప్రోటీన్ నిర్వచనం, మరుగుపడిన ప్రశ్న

బ్రెడిగ్ ఆలోచన తప్పని ఎవరూ రుజువు చేయలేదు. ఎంజైమంటే ఏమిటన్న ప్రశ్నకు మరొక సమాధానం బలపడటంతో అది అనవసరంగా కనిపించింది. 1920లలో జర్మనీకి చెందిన రిషార్డ్ విల్‌ష్టేటర్ ఎంజైములు ప్రోటీన్లు కావని వాదించాడు. ఆయన అధ్యయనం చేసిన ఎంజైములలో పెరాక్సిడేజ్ ఒకటి. ఎంతగానో పలుచన చేసిన ద్రవంలో కూడా దాని పని కనిపించేది గాని ప్రోటీన్ పరీక్షలు మాత్రం ఏమీ లేదని చెప్పేవి. నిజానికి ఆ పరీక్షలకు అందనంత తక్కువ ప్రోటీన్ అందులో ఉంది. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ ఒక జాతి చిక్కుడు గింజల నుండి యూరియేజ్ ఎంజైమును స్ఫటిక రూపంలో తీసి అది ప్రోటీనేనని చూపాడు. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్‌ను స్ఫటికీకరించడంతో వాదం ముగింపుకు వచ్చింది.

1946 నాటి రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని సమ్నర్, నార్త్రప్‌లతో పాటు వెండెల్ స్టాన్లీ పంచుకున్నాడు. 1935లో పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటిక రూపంలో తీసినవాడు స్టాన్లీ. ఎంజైమ్, వైరస్ రెండూ సీసాలో పోసి కొలవదగిన పదార్థాలుగా ఒకే వేదిక మీద గుర్తింపు పొందాయి. పావు శతాబ్దం తర్వాత ఒకదానిని పట్టుకోవడానికి మరొకటి సాధనమైంది.

సమ్నర్ విజయం గొప్పదే. దానితోపాటు 'ఎంజైమంటే ప్రోటీన్' అన్న సమీకరణం పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. ప్రోటీన్ కానిది ఎంజైమ్ పని చేస్తే అది ఉత్ప్రేరకమే గాని ఎంజైమ్ కాదు. 1982లో థామస్ చెక్ ఆర్.ఎన్.ఏ. కూడా ఉత్ప్రేరకంగా పనిచేస్తుందని చూపడంతో ఈ సమీకరణం తొలిసారి సడలింది. ఈలోగా 1970లో రోనాల్డ్ బ్రెస్లో 'కృత్రిమ ఎంజైమ్' అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆయన బాటలో నడిచిన రసాయనజ్ఞులు ఎంజైమును పోలిన అణువులను కూర్చే ప్రయత్నం చేశారు. లోహపు రేణువు తనంతట తాను ఎంజైమ్ పని చేస్తుందన్న బ్రెడిగ్ మాట మాత్రం ఆ చర్చలో ముందుకు రాలేదు.

5. రోగ నిర్ధారణలో రంగు

రంగు గాఢతను బట్టి పదార్థ పరిమాణాన్ని లెక్కకట్టే పద్ధతి జీవరసాయన శాస్త్రంలో పాతదే. 1925లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి రూపొందించిన ఫాస్ఫరస్ కొలత ఈ కోవలోనిదే. నీలిరంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. వైరస్‌ల విషయంలో మాత్రం ఇంత సూటి పద్ధతి కుదరదు. రక్తంలో వాటి ప్రోటీన్లు అతి స్వల్పంగా ఉంటాయి. వాటిని వెతికిపట్టే పనిని ప్రతిదేహాలు చేయగలవు. పట్టుకున్న సంగతిని కంటికి చూపే గుర్తు కూడా కావాలి.

తొలి సమర్థమైన గుర్తు రేడియోధార్మిక అయొడిన్. 1950ల చివరిలో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ ఇన్సులిన్‌ను కొలవడానికి రూపొందించిన రేడియో ఇమ్యునో పరీక్షకు గుర్తింపుగా 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. కాని రేడియోధార్మిక పదార్థానికి ప్రత్యేక గదులు, అనుమతులు కావాలి. దాని స్థానంలో ఎంజైమును పెట్టవచ్చని 1971లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్‌లది ఒక బృందం, నెదర్లాండ్స్‌లో వాన్ వీమెన్, స్కూర్స్‌లది మరొకటి. మొదటి బృందం ఆల్కలైన్ ఫాస్ఫటేజును, రెండవది హార్స్‌రాడిష్ పెరాక్సిడేజును వాడింది. ఎలైజా అన్న పేరు స్టాక్‌హోమ్ బృందానిది.

హార్స్‌రాడిష్ ఆవ కుటుంబానికి చెందిన ఘాటైన వేరున్న ఐరోపా మొక్క. వేరు ఘాటులో పోలిక ఉండటం వల్ల ఆంగ్లేయులు మన మునగకు 'హార్స్‌రాడిష్ చెట్టు' అని పేరు పెట్టారు గాని రెండూ వేర్వేరు కుటుంబాలవి. ఈ వేరులోని పెరాక్సిడేజ్ అణువు నడుమ హీమ్ అనే నిర్మాణంలో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడుతో చర్య జరిపేది ఆ ఇనుమే. చుట్టూ ఉన్న ప్రోటీన్ ఆ చర్యను దారిలో పెడుతుంది. పెరాక్సైడుతో పాటు టెట్రామిథైల్ బెంజిడీన్ అనే రంగులేని పదార్థాన్ని చేరిస్తే ద్రవం నీలంగా మారుతుంది. ఆమ్లం చేర్చి చర్యను ఆపితే ఆ నీలం పసుపుగా మారుతుంది.

ఎంజైమ్ బలం గుణకారంలో ఉంది. ఒక్క అణువు అరిగిపోకుండా వేల రంగు అణువులను తయారుచేస్తుంది. అందుకే అతి స్వల్పంగా ఉన్న వైరస్ ప్రోటీన్ కూడా కంటికి అందే రంగుగా పెరుగుతుంది. 1985 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన తొలి హెచ్.ఐ.వి. రక్త పరీక్ష ఎలైజాయే.

దీనికి సమాంతరంగా మరొక మార్గం ఎదిగింది. మైకేల్ ఫారడే 1857లో వివరించిన కొల్లాయిడ్ బంగారపు ఎర్రని రంగును గుర్తుగా వాడే కాగితపు పట్టీలవి. 1980ల చివరి నుండి ఇళ్ళలో వాడుతున్న గర్భ నిర్ధారణ పట్టీ ఈ కోవకు చెందినదే. ఇందులో ఎంజైమ్ లేదు, కడగడం లేదు, యంత్రం లేదు. నిమిషాలలో గీత కనబడుతుంది. కాని గుణకారం కూడా లేదు. గీత దగ్గర ఎన్ని బంగారు రేణువులు చేరితే అంత రంగే కనిపిస్తుంది. కాబట్టి వైరస్ తక్కువగా ఉన్న తొలి రోజులలో గీత పడకపోవచ్చు. ఈ విధంగా వైద్యుని ముందు రెండు దారులు నిలిచాయి. ఒకటి సున్నితమైనదే గాని ప్రయోగశాలను దాటి రాదు. మరొకటి ఎక్కడికైనా వస్తుంది గాని చూపు మందం.

6. 2007: బీజింగ్ ఫలితం

ఈ రెండు దారులను కలిపే అవకాశాన్ని బీజింగ్‌లోని చైనా విజ్ఞానశాస్త్ర అకాడమీకి చెందిన జీవభౌతిక సంస్థ పరిశోధకులు చూపారు. గావ్ లిజెంగ్, యాన్ షియున్, వారి సహచరుల పత్రం 2007లో 'నేచర్ నానోటెక్నాలజీ'లో వెలువడింది. ఇనుప ఆక్సైడ్ నానోకణాలను అప్పటికే జీవశాస్త్ర ప్రయోగశాలలు అయస్కాంతంతో పదార్థాలను వేరుచేయడానికి వాడుతున్నాయి. కణం కేవలం మోసే వాహనమని, రసాయనికంగా జడమని భావించి, దానికి ఎంజైములను, ప్రతిదేహాలను అతికించేవారు. ఆ వాహనమే పెరాక్సిడేజ్ పని చేస్తున్నదని ఈ పత్రం చెప్పింది.

రంగు వచ్చిందని చెప్పి ఊరుకోకుండా ఎంజైములను కొలిచే కొలమానాలతోనే కణాలను కొలవడం ఈ పత్రం ప్రత్యేకత. ఒక ఎంజైమ్ తన చర్యాపదార్థంతో ఎంత సులువుగా కలుస్తుందో చెప్పే మైకేలిస్ స్థిరాంకం ఎంత తక్కువగా ఉంటే బంధం అంత గట్టిదని అర్థం. టెట్రామిథైల్ బెంజిడీన్ విషయంలో ఇది హార్స్‌రాడిష్ ఎంజైముకు 0.434 మిల్లీమోలార్, ఇనుప ఆక్సైడ్ కణానికి 0.098 మిల్లీమోలార్. అంటే రంగు పదార్థాన్ని కణమే గట్టిగా పట్టుకుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ విషయంలో తూకం తారుమారవుతుంది. ఎంజైముకు 3.70 మిల్లీమోలార్ కాగా కణానికి 154 మిల్లీమోలార్. కణం తన పూర్తి బలం చూపాలంటే పెరాక్సైడ్ ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఈ రెండు జతల అంకెలలో తర్వాతి పరిశోధన ఆశలూ అడ్డంకులూ ఇమిడి ఉన్నాయి.

కణం పరిమాణం తగ్గేకొద్దీ శక్తి పెరుగుతుందని కూడా ఈ పత్రం చూపింది. చర్య ఉపరితలం మీద జరగడమే ఇందుకు కారణం. 4 నుండి 90 డిగ్రీల సెల్సియస్ దాకా ఉష్ణోగ్రతలను, 1 నుండి 12 దాకా పి.హెచ్. విలువలను తట్టుకుని ఈ కణాలు తమ శక్తిని నిలుపుకున్నాయి. అంత వేడిలో, అంత ఆమ్లంలో ప్రోటీన్ ఎంజైమ్ నిలవదు. ప్రతిదేహం తొడిగిన కణాలతో ఈ బృందం హెపటైటిస్ బి వైరస్‌కు చెందిన ప్రీఎస్1 అనే ప్రోటీన్‌ను గుర్తించింది. పట్టుకోవడం, అయస్కాంతంతో వేరుచేయడం, రంగుతో చూపడం అన్న మూడు పనులనూ ఒకే కణం నిర్వహించింది.

పేరు ఈ ఫలితం కంటే కాస్త ముందే పుట్టింది. 2004లో ఇటలీకి చెందిన పాస్క్వాటో, స్క్రిమిన్ బృందం బంగారు కణాల మీద ఉత్ప్రేరక అణువులను పేర్చి వాటిని నానోజైములని పిలిచింది. అక్కడ బంగారం ఆధారం మాత్రమే, పని చేసినవి దాని మీది అణువులు. 2013లో వెయ్ హుయ్, వాంగ్ ఎర్‌కాంగ్ తమ సమీక్షా వ్యాసంలో ఎంజైమ్ లక్షణాలున్న నానోపదార్థాలన్నింటికీ ఆ పేరును విస్తరించారు. అప్పటి నుండి పదానికి అర్థం పనిని బట్టి స్థిరపడింది. బ్రెడిగ్ 1901లో చేసిన సూచన మరో పేరుతో అంగీకారం పొందింది.

7. ప్రయోగశాల నుండి పరీక్షా పట్టీకి

2014లో పశ్చిమ ఆఫ్రికాలో చెలరేగిన ఎబోలా ఈ పరిశోధనకు తొలి కఠిన సందర్భం. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలను ముఖ్యంగా పీడించిన ఆ మహమ్మారి 2016 నాటికి 11,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలిసేలోగా అనుమానితులను ఎక్కడ ఉంచాలన్నది అక్కడి ఆసుపత్రుల నిత్య సమస్య. నిర్ధారణ ఆలస్యమైన ప్రతి గంటా రోగి పక్కనున్న ఆరోగ్యవంతునికి ప్రమాదమే.

యాన్ షియున్ బృందంతో కలిసి దువాన్ దెమిన్ తదితరులు 2015లో ప్రకటించిన పట్టీలో బంగారు రేణువుల స్థానంలో ఇనుప ఆక్సైడ్ కణాలున్నాయి. గీత దగ్గర చేరిన కణాల మీద రంగు పదార్థాన్ని, పెరాక్సైడును వేస్తే గీత చిక్కబడుతుంది. మిల్లీలీటరులో 1 నానోగ్రాము ఎబోలా గ్లైకోప్రోటీన్ ఉన్నా ఈ పట్టీ గుర్తించింది. మామూలు బంగారు పట్టీతో పోలిస్తే ఇది 100 రెట్ల సున్నితత్వం. ఫలితం 30 నిమిషాల లోపు వచ్చింది. సున్నితత్వం ఎలైజాకు సాటిగా ఉందని వారు తేల్చారు. అయితే వైరస్ స్థాయి కొలతలకు వాడినది హాని చేయని నకిలీ ఎబోలా వైరస్. రోగుల నమూనాలతో చేసిన పోలిక న్యూ బున్యా అనే మరొక వైరస్‌కు సంబంధించినది. ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు ఈ తేడాను విస్మరించరాదు.

హెచ్.ఐ.వి. విషయంలో సమస్య కాలానికి సంబంధించినది. వైరస్ సోకిన తర్వాత శరీరం ప్రతిదేహాలను తయారుచేయడానికి వారాలు పడుతుంది. ఆ లోపు ప్రతిదేహాలను వెతికే పరీక్ష వ్యాధి లేదని చెబుతుంది. వైరస్‌లోని పి24 అనే ప్రోటీన్ అంతకంటే ముందు కనిపిస్తుంది గాని స్వల్పంగా ఉంటుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మాలీ స్టీవెన్స్ బృందం 2018లో బంగారు కణానికి రంధ్రాలున్న ప్లాటినం తొడుగు వేసి ఈ ప్రోటీన్‌ను వెతికింది. రక్తద్రవంలో కలిపిన పి24ను మిల్లీలీటరుకు 0.8 పికోగ్రాముల స్థాయిలో, 20 నిమిషాల లోపు, మామూలు కంటితోనే గుర్తించగలిగింది. బ్రెడిగ్ నీటిలో విడగొట్టిన లోహమే 120 ఏళ్ళ తర్వాత పెరాక్సైడుతో అదే చర్య జరుపుతూ పట్టీ మీద నల్లని గీతగా నిలిచింది.

మెల్‌బోర్న్‌లోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో విపుల్ బన్సల్ బృందం 2019లో మరో ఎత్తుగడ చూపింది. బంగారు కణాల ఉపరితలాన్ని ఆప్టమర్ అనే చిన్న కేంద్రకామ్లపు పోగుతో కప్పితే వాటి ఎంజైమ్ శక్తి అణగి ఉంటుంది. నోరోవైరస్ ఎదురైనప్పుడు ఆ పోగు కణాన్ని వదిలి వైరస్‌ను పట్టుకుంటుంది. తెరచుకున్న ఉపరితలం రంగునిస్తుంది. ఇక్కడ ప్రతిదేహం కూడా అవసరం లేదు. ఈ ప్రయోగం మనుషుల వైరస్‌కు బదులు ఎలుకల నోరోవైరస్ మీద జరిగింది.

కోవిడ్ కాలంలో బీజింగ్ పరిశోధకులు కోబాల్ట్, ఇనుము, హీమిన్‌లతో చేసిన నానోజైముతో, రంగుకు బదులు వెలుగును కొలిచే కాగితపు పరీక్షను ప్రకటించారు. వైరస్ ఉపరితల ప్రోటీన్ భాగాన్ని మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము స్థాయిలో 16 నిమిషాలలో అది గుర్తించింది. ఆ మహమ్మారిలో ప్రపంచమంతటా ఇళ్ళకు చేరినవి మాత్రం ప్రధానంగా బంగారు రేణువుల పట్టీలు, రంగు పూసల పట్టీలే. నానోజైమ్ పరీక్షకు అంతకంటే పెద్ద అవకాశం రాదు. ఆ అవకాశాన్ని అది ఎందుకు అందుకోలేకపోయిందన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

8. పరిమితులు, వివాదాలు

మొదటి అడ్డంకి పరీక్ష నిర్మాణంలోనే ఉంది. బంగారు పట్టీకి కావలసినది ఒక చుక్క నమూనా, ద్రావణం మాత్రమే. నానోజైమ్ పట్టీకి అదనంగా రంగు పదార్థం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. కణం 90 డిగ్రీల వేడిని తట్టుకోవచ్చు గాని పెరాక్సైడ్ తెనార్ నాటి నుండీ నిలకడ లేనిదే. వేడిలో, వెలుతురులో అది క్రమంగా విడిపోతుంది. పట్టీ మీది ప్రతిదేహాలు కూడా ప్రోటీన్లే. కాబట్టి ఎంజైమును తీసివేసినంత మాత్రాన శీతల నిల్వ అవసరం పూర్తిగా తొలగిపోదు. సమస్య ఒక భాగం నుండి మరో భాగానికి జరిగిందే తప్ప మాయం కాలేదు.

రెండవది ఉపరితలానికి సంబంధించిన వైరుధ్యం. కణం వైరస్‌ను గుర్తించాలంటే దాని మీద ప్రతిదేహాలు ఉండాలి. ప్రతిదేహాలు కప్పేకొద్దీ చర్య జరగవలసిన లోహం మూసుకుపోతుంది. రక్తంలోని ఇతర ప్రోటీన్లు కూడా కణానికి అతుక్కుంటాయి. దీనికి తోడు రక్తంలోని హీమోగ్లోబిన్ తానే పెరాక్సిడేజులా ప్రవర్తిస్తుంది, కేటలేజ్ ఎంజైమ్ పెరాక్సైడును ముందే విడగొడుతుంది. శుద్ధమైన ద్రావణంలో వచ్చిన సున్నితత్వం రోగి రక్తంలో అలాగే వస్తుందని అనుకోలేము.

మూడవది కొలమానాల వివాదం. ఒక నానోకణాన్ని ఒక ఎంజైమ్ అణువుతో పోల్చి కణమే శక్తిమంతమని చెప్పే వాక్యాలు ఈ రంగంలో తరచుగా కనిపిస్తాయి. వేల పరమాణువులున్న రేణువును, ఒకే ఇనుప పరమాణువుతో పనిచేసే అణువును ఒకటికి ఒకటిగా తూచడం న్యాయమైన పోలిక కాదు. ఇటువంటి గందరగోళాన్ని తగ్గించడానికి 2018లో యాన్ షియున్ బృందమే పెరాక్సిడేజ్ తరహా నానోజైముల శక్తిని కొలిచే ప్రామాణిక పద్ధతిని 'నేచర్ ప్రోటోకాల్స్'లో ప్రతిపాదించింది. తాము తెరిచిన రంగంలో పోలికలకు ఒక కట్టుబాటు కావాలని మార్గదర్శకులే గుర్తించడం మంచి పరిణామం.

నాలుగవది పేరుకు సంబంధించినది. ఎంజైమ్ గొప్పతనం వేగంలో మాత్రమే లేదు, ఎంపికలో కూడా ఉంది. అనేక పదార్థాల మధ్య తనదైన ఒకదానిని అది ఎంచుకుంటుంది. నానోజైముకు ఇంతటి వివేచన సాధారణంగా లేదు. ఒకే కణం పరిస్థితిని బట్టి పెరాక్సిడేజులా, కేటలేజులా కూడా ప్రవర్తించవచ్చు. పరీక్షలో ఆ ఎంపిక భారమంతా ప్రతిదేహం మీదో ఆప్టమర్ మీదో పడుతుంది. కాబట్టి వీటిని ఎంజైములనడం కంటే ఉత్ప్రేరకాలనడం మేలని వాదించేవారి మాటలో బలముంది. అయితే ఈ పేరు లేకపోతే వైద్య నిర్ధారణ పరిశోధకులు ఈ కణాల వైపు ఇంతగా చూసేవారు కారన్నది కూడా అంతే నిజం. పేరు నిర్వచనంగా బలహీనమైనా ఆహ్వానంగా పనిచేసింది.

9. ముగింపు

నానోజైముల చరిత్రను 2007లో మొదలుపెట్టి చెప్పడం సులువు. అలా చెబితే అది ఒక ఆకస్మిక ఆవిష్కరణ కథ అవుతుంది. 1818 నుండి చూస్తే కథ మారుతుంది. లోహం, జీవ పదార్థం పెరాక్సైడును ఒకే తీరున విడగొట్టడం తెనార్ చూశాడు, ఆ రెండింటికీ బెర్జీలియస్ ఒకే సూత్రం చెప్పాడు, బ్రెడిగ్ ఆ పోలికను కొలిచి పేరు పెట్టాడు. ఎంజైమంటే ప్రోటీనన్న నిర్వచనం ఆ ప్రశ్నను పక్కకు నెట్టింది. నిర్వచనం సరైనదైనా అది ఒక చూపును మూసివేయగలదనడానికి ఇదొక ఉదాహరణ. ఆ తలుపును తిరిగి తెరిచినది వైరస్‌ను త్వరగా, ప్రయోగశాలకు దూరంగా, చవకగా పట్టుకోవలసిన అవసరం.

తెలుగులో శాస్త్ర చరిత్రను రాసేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. కిణ్వం, ఉత్ప్రేరకం, ఎంజైమ్ అన్న మాటలను పర్యాయపదాలుగానో, పరస్పరం సంబంధం లేని పదాలుగానో కాక, వాటి మధ్య జరిగిన వాదంతో సహా చదువరికి అందించాలి. 'నానోజైమ్' అన్న మాటను యథాతథంగా తీసుకోవడమే నేటికి ఉచితం. దాని వెనుక 'అకర్బన కిణ్వం' అన్న పాత పేరు ఉందని చెబితే చదువరికి చరిత్ర కూడా దక్కుతుంది.

నిర్ధారణ రంగంలో ఈ కణాల పరీక్ష ఇంకా ముగియలేదు. పికోగ్రాముల లెక్కలు ప్రయోగశాల విజయాన్ని చెబుతాయి. అసలు కొలమానం వేరే ఉంది. 1986లో నమూనాలు ఇంటి ఫ్రిజ్‌లో ఉండి, ఐసు పెట్టెలో రాత్రంతా రైలు ప్రయాణం చేయవలసివచ్చింది. ఫ్రిజ్ లేని ఊరిలో, నమూనా తీసిన చోటనే, నమ్మదగిన రంగును చూపగలిగిన రోజున నానోజైమ్ తన పేరును సార్థకం చేసుకున్నట్లు.